పిల్లల్ని కనని సంఘం ఇన్నేళ్ళు ఎలా నిలిచింది? షేకర్ల చరిత్ర

అడిగిన ప్రశ్న: షేకర్లు పెళ్ళి చేసుకోరు, పిల్లల్ని కనరు కదా. అలాంటి మతం రెండు శతాబ్దాలకు పైగా ఎలా నిలబడింది? పిల్లలు లేకపోవడం వల్లే అంతరించిందా? ఆన్ లీ అనే ఆవిడను ఆడ క్రీస్తుగా కొలిచేవారంటారు, నిజమేనా? ఇప్పుడు ఎవరైనా మిగిలారా?

ఈ ప్రశ్నకు మామూలుగా వచ్చే జవాబు ఒక్క ముక్కలో తేలిపోతుంది: పిల్లల్ని కనలేదు, అందుకే పోయారు. అమెరికా మత చరిత్ర చదవడం, షేకర్లు అనే ఈ క్రైస్తవ సంఘంవాళ్ళు కట్టిన ఊళ్ళు తిరిగి చూడడం నాకు చాలా ఏళ్ళ అలవాటు. ఆ జవాబు నాకు ఎన్నడూ మింగుడుపడలేదు. బ్రహ్మచర్యమే కారణమైతే మొదటి తరంతోనే వాళ్ళ కథ ముగిసిపోవాలి. ఆన్ లీ 1784లో చనిపోయింది. సంఘంలో జనం అందరికంటే ఎక్కువగా ఉన్నది 1840లు, 1850లలో. అంటే ఒక్క బిడ్డనూ కనకుండా అరవై డెబ్భై ఏళ్ళు పెరుగుతూనే పోయారు. క్యాథలిక్ మఠాలు, బౌద్ధ సంఘాలు కూడా పిల్లల్ని కని నిలబడినవి కావు. కొత్తవాళ్ళు వస్తున్నంత కాలం సంఘం నడుస్తుంది, రావడం ఆగితే ఆగిపోతుంది. కాబట్టి షేకర్ల దగ్గరికి ఎవరు వచ్చారు, ఏం కావాలని వచ్చారు, ఆ రాక ఎందుకు ఆగింది అని అడిగితేనే అసలు చరిత్ర బయటపడుతుంది. అక్కణ్ణుంచే చెబుతాను.

మొదలు ఇంగ్లాండులో. 1747లో మాంచెస్టర్, బోల్టన్ ప్రాంతంలో జేమ్స్ వార్డ్లీ, జేన్ వార్డ్లీ అనే దంపతులు క్వేకర్లు అనే ప్రొటెస్టెంట్ శాఖ నుంచి విడిపోయి ఒక చిన్న ప్రార్థన బృందం పెట్టుకున్నారు. ఫ్రాన్సులో హింస తట్టుకోలేక ఇంగ్లాండు చేరిన ప్రొటెస్టెంట్ ప్రవక్తల ప్రభావం వీళ్ళ మీద ఉంది. ప్రార్థనలో కూర్చున్నవాళ్ళు పూనకం వచ్చినట్టు ఊగిపోయేవారు, వణికేవారు, పాడేవారు, కేకలు పెట్టేవారు. చూసినవాళ్ళు వెక్కిరింపుగా ‘షేకింగ్ క్వేకర్లు’ అన్నారు. అదే కుదించుకుపోయి షేకర్లుగా నిలిచింది. వాళ్ళు తమ సంఘానికి పెట్టుకున్న పేరు మాత్రం ‘క్రీస్తు రెండవ రాకడను నమ్మేవారి ఐక్య సంఘం’.

ఆన్ లీ 1758లో ఈ బృందంలో చేరింది. 1736 ఫిబ్రవరి 29న మాంచెస్టర్‌లో పుట్టింది. తండ్రి కమ్మరి. చదువు లేదు. చిన్నప్పుడే బట్టల మిల్లు పనికి వెళ్ళింది, తర్వాత ఒక ఆసుపత్రిలో వంట చేసింది. 1762లో తండ్రి వృత్తిలోనే ఉన్న ఏబ్రహాం అనే మనిషితో పెళ్ళయింది. నలుగురు పిల్లలు పుట్టారు, నలుగురూ చిన్నతనంలోనే పోయారు. చర్చి ఆరాధనకు అడ్డం తగులుతున్నారని ఈ బృందాన్ని అరెస్టు చేస్తూ ఉండేవారు. అలా 1770 ప్రాంతంలో జైల్లో ఉన్నప్పుడు ఆమెకు దర్శనం కలిగిందని షేకర్ల నమ్మకం. ఆదాము హవ్వల పతనానికి మూలం దేహ సంబంధమే, దాన్ని వదిలితేనే మనిషికి రక్షణ అన్నది ఆ దర్శన సారం. బయటికి వచ్చాక బృందానికి ఆమే నాయకురాలు, ‘మదర్ ఆన్’ అయింది.

పిల్లల్ని పోగొట్టుకున్న దుఃఖం వల్లే ఆమె సంసారాన్ని తిట్టిపోసిందని చాలామంది రాస్తారు. దుఃఖం ఉంది, కాదనను. కానీ ఆ కాలపు మాంచెస్టర్‌లో పిల్లల్ని పోగొట్టుకోని తల్లి అరుదు, వాళ్ళందరూ మతాలు పెట్టలేదు. నాకు ముఖ్యమనిపించేది ఆమె మాట విన్న ఆడవాళ్ళ పరిస్థితి. ఏడాదికో కాన్పు, ఒక్కో కాన్పు ప్రాణం మీదికి, భర్తకు కాదని చెప్పే హక్కు లేదు, విడిపోయే దారి లేదు. అలాంటి మనిషికి ‘దేవుడే నిన్ను ఆ పని మానమంటున్నాడు’ అని ఒకరు చెబితే అది కఠిన నియమంలా కాదు, విడుదలలా వినపడి ఉంటుంది. షేకర్ల దగ్గరికి మొదటి నుంచీ ఆడవాళ్ళు ఎక్కువగా రావడానికి ఇదొక కారణం అని నా అభిప్రాయం.

1774 మే నెలలో ఆన్ లీ, వెంట ఎనిమిది మంది, లివర్‌పూల్‌లో ఓడ ఎక్కారు. ఆగస్టు 6న న్యూయార్క్‌లో దిగారు. ఆ ఎనిమిది మందిలో ఆమె తమ్ముడు విలియం లీ, జేమ్స్ విటాకర్, ఖర్చులు భరించిన జాన్ హాక్‌నెల్, భర్త ఏబ్రహాం ఉన్నారు. భర్త కొంతకాలానికి ఆమెను వదిలి తన దారిన పోయాడు. మిగిలినవాళ్ళు 1776లో ఆల్బనీ దగ్గర నిస్కయూనా అనే చిత్తడి నేలకు చేరారు. తర్వాత దానికే వాటర్‌వ్లీట్ అనే పేరు స్థిరపడింది. చెట్లు కొట్టి, నీళ్ళు మళ్ళించి, గుడిసెలు వేసుకుని నాలుగేళ్ళు అక్కడే ఉన్నారు. ఆ నాలుగేళ్ళూ కొత్తగా వచ్చి చేరినవాళ్ళు దాదాపు లేరు.

1780లో దశ తిరిగింది. అంతకుముందు ఏడాదే అటు న్యూ లెబనాన్ ప్రాంతంలో బాప్టిస్టుల్లో ఒక పెద్ద ఆధ్యాత్మిక ఉద్రేకం లేచింది. క్రీస్తు ఇదిగో వచ్చేస్తున్నాడని నమ్మి, నెలల తరబడి ఎదురుచూసి, ఏమీ జరగక నీరుగారిపోయిన జనం అది. వాళ్ళకు అడవిలో ఉన్న ఈ వింత బృందం సంగతి తెలిసింది. మే 19న అమెరికా ఈశాన్యాన న్యూ ఇంగ్లాండు ప్రాంతంలో పట్టపగలే చీకటి కమ్మింది. అడవులు తగలబడిన పొగ అని ఇప్పుడు మనకు తెలుసు, ఆ రోజు వాళ్ళకు లోకం ముగిసిపోతున్నట్టే అనిపించింది. నిస్కయూనాకు జనం వరస కట్టారు. వాళ్ళ నాయకుడు జోసెఫ్ మీచమ్ గట్టి ప్రశ్నే వేశాడు: స్త్రీ సంఘంలో మౌనంగా ఉండాలని పౌలు చెప్పాడు కదా, మరి నువ్వు నాయకత్వం ఎలా చేస్తావు? ఆన్ లీ ఇచ్చిన జవాబు షేకర్లు భద్రంగా రాసిపెట్టుకున్నారు. ఇంట్లో భర్త ఉన్నంతసేపు పెత్తనం అతనిది, అతను లేనప్పుడు ఇల్లు నడిపేది భార్యే. క్రీస్తు ఇప్పుడు ఇంట లేడు అన్నది ఆమె సమాధానం. మీచమ్ చేరిపోయాడు, అతని వెనక ఊళ్ళకు ఊళ్ళే కదిలాయి.

మీరు అడిగిన ‘ఆడ క్రీస్తు’ విషయం ఇక్కడే చెప్పేస్తాను. దేవుడిలో తండ్రి తత్వంతో పాటు తల్లి తత్వమూ ఉందని షేకర్లు నమ్మారు. క్రీస్తు ఆత్మ మొదట పురుషుడిలో, అంటే యేసులో ప్రత్యక్షమైంది, రెండోసారి స్త్రీలో, ఆన్ లీలో ప్రత్యక్షమైంది అని 1808లో వాళ్ళు అచ్చువేసిన సిద్ధాంత గ్రంథం వివరిస్తుంది. అది ఆమె చనిపోయి పాతికేళ్ళు కావస్తున్నప్పుడు పద్ధతిగా కూర్చిన మాట. ఆమెనే దేవుణ్ణి చేసి విగ్రహం పెట్టి పూజించింది ఎన్నడూ లేదు. తర్వాతి తరాల షేకర్లు, ఇప్పటివాళ్ళు కూడా, క్రీస్తు ఆత్మ నమ్మినవాళ్ళందరిలోనూ వస్తుంది, ఆమెలో ముందుగా మేలుకొంది అనే అర్థంలోనే చెబుతారు.

జనం చేరగానే కష్టాలూ మొదలయ్యాయి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం జరుగుతోంది. ఇంగ్లాండు నుంచి వచ్చిన మనుషులు, పైగా యుద్ధం చేయకూడదని బోధిస్తున్నారు. గూఢచారులని అనుమానించి 1780లో ఆన్ లీని, మరికొందరిని జైల్లో పెట్టారు. ఆమె డిసెంబరులో బయటికి వచ్చింది. 1781 నుంచి 1783 దాకా మసాచుసెట్స్, కనెక్టికట్ ఊళ్ళు తిరిగి ప్రచారం చేసింది. హార్వర్డ్ అనే ఊళ్ళో ఒక ఇల్లు వీళ్ళకు ఠికానా అయింది. కానీ చాలాచోట్ల గుంపులు మీదపడ్డాయి. కొరడాలతో కొట్టారు, ఇళ్ళలోంచి ఈడ్చారు, ఆన్ లీని కూడా వదల్లేదు. సంసారాలు కూలుస్తున్నారన్నది ఆ గుంపుల ఆరోపణ. 1784 జూలైలో తమ్ముడు విలియం పోయాడు, సెప్టెంబర్ 8న ఆమె పోయింది. అప్పటికి ఆమెకు నలభై ఎనిమిదేళ్ళు. ఆమె ఒక్క అక్షరం రాసి పెట్టలేదు. మనకు తెలిసినదంతా దగ్గరున్నవాళ్ళ జ్ఞాపకాల నుంచి కూర్చిందే.

గురువు పోయాక శిష్యులు చెల్లాచెదురైన ఉద్యమాలు ఎన్నో ఉన్నాయి. షేకర్లు అలా కాకపోవడానికి కారణం ఇద్దరు మనుషులు: ఇందాక చెప్పిన జోసెఫ్ మీచమ్, లూసీ రైట్. మధ్యలో విటాకర్ కొంతకాలం నడిపి 1787లో చనిపోయాడు. మీచమ్ పగ్గాలు పట్టగానే పిట్స్‌ఫీల్డ్‌కు చెందిన లూసీ రైట్‌ను స్త్రీల వైపు తనతో సమాన స్థాయిలో నాయకురాలిగా నిలబెట్టాడు. అప్పటిదాకా ఎక్కడివాళ్ళు అక్కడ ఉంటూ ప్రార్థనకు మాత్రం కలిసేవారు. ఇప్పుడు ఆస్తులు కలిపేసి, ఒకే చోట కలిసి బతికే ఊళ్ళు కట్టారు. ఒక్కో ఊళ్ళో కొన్ని ‘ఫ్యామిలీలు’. ఫ్యామిలీ అంటే రక్తబంధం లేదు, ముప్పై నుంచి వంద మంది దాకా కలిసి ఉండే ఇల్లు. ప్రతి ఫ్యామిలీకి పెద్దలుగా మగవాళ్ళలో ఇద్దరు ఎల్డర్లు, ఆడవాళ్ళలో ఇద్దరు ఎల్డ్రెస్‌లు. పనులు చూసేందుకు డీకన్లు, డీకనెస్‌లు. బయటి లోకంతో లావాదేవీలకు ట్రస్టీలు. 1795లో రాతపూర్వక ఒడంబడిక వచ్చింది. చేరేవాడు ఆస్తి సంఘానికి ఇచ్చేస్తాడు, తర్వాత వెళ్ళిపోయినా చేసిన పనికి కూలి అడగడు.

1796లో మీచమ్ చనిపోయాడు. అక్కణ్ణుంచి 1821లో తాను పోయేదాకా, పాతికేళ్ళు, మొత్తం సంఘానికి పెద్ద లూసీ రైట్. షేకర్ల చరిత్రలో ఆన్ లీకి దొరికే వెలుగు ఈమెకు దొరకదు, అది నాకు బాధగానే ఉంటుంది. అమెరికాలో ఆడవాళ్ళకు ఓటు రావడానికి వందేళ్ళకు ముందే, వేల ఎకరాల భూమి, డజనుకు పైగా ఊళ్ళు, వేల మంది మనుషులు ఉన్న వ్యవస్థను ఒక స్త్రీ నడిపింది.

పడమటికి మనుషుల్ని పంపింది కూడా ఆమే. 1801లో కెంటకీలోని కేన్ రిడ్జ్ దగ్గర వేలాది మంది కూడిన మహా ప్రార్థన సభ జరిగింది. జనం పడిపోయి, వణికిపోయి, కేకలు పెట్టారన్న వార్త న్యూ లెబనాన్‌కు అందింది. ఇది మనకు తెలిసిన లక్షణమే అనుకున్నారు. 1805 జనవరి 1న జాన్ మీచమ్, బెంజమిన్ సెత్ యంగ్స్, ఇసాకర్ బేట్స్ అనే ముగ్గురు బయల్దేరారు. చలికాలం, వెయ్యి మైళ్ళ పైన దారి. మార్చిలో ఒహాయో చేరి రిచర్డ్ మెక్‌నెమర్ అనే పేరున్న బోధకుణ్ణి ఒప్పించారు. అతనితో పాటు అతని సంఘంలో చాలామంది వచ్చారు. అలా ఒహాయోలో యూనియన్ విలేజ్, కెంటకీలో ప్లెజెంట్ హిల్, సౌత్ యూనియన్ లేచాయి. ఇండియానాలో కట్టిన వెస్ట్ యూనియన్ మాత్రం మలేరియాతో, యుద్ధంతో నలిగి 1827లో మూతబడింది.

ఇప్పుడు ఒక విషయం గమనించండి. 1780లో జనం వచ్చింది ఒక ఉద్రేకం చల్లారిన చోటు నుంచి. 1805లో వచ్చిందీ అలాంటి చోటు నుంచే. పూనకాల సభలో రక్షణ దొరికిందనుకున్న మనిషి ఆర్నెల్లకు మళ్ళీ పాత బతుకులోనే ఉన్నానని గ్రహించి కుమిలిపోతాడు. షేకర్లు అతనికి ఒక నిత్య జీవన విధానం చూపించారు: నీ పాపాలన్నీ ఎల్డర్ ముందు ఒప్పుకో, ఇక్కడే ఉండు, ఇలా పని చెయ్యి, రోజూ ఇలా బతుకు. ఇది వాళ్ళకు మనుషుల్ని తెచ్చిన మొదటి దారి.

ఆ రోజువారీ బతుకు ఎలా ఉండేది? వేసవిలో తెల్లవారుజామున నాలుగున్నరకు గంట మోగేది, చలికాలంలో ఐదుకు. లేవగానే మోకరించి ప్రార్థన, పక్కబట్టలు దులిపి సర్దడం, తర్వాత పని. భోజనం మాట్లాడకుండా చేయాలి. మగవాళ్ళు ఒక బల్ల, ఆడవాళ్ళు ఒక బల్ల. ఇంటికి రెండు గుమ్మాలు, రెండు మెట్ల వరసలు. గోడల పొడవునా చెక్క పట్టీ, దానికి వరసగా చెక్క మేకులు. టోపీలు, బట్టలు, అద్దాలు, చివరికి కుర్చీలు కూడా తలకిందులుగా ఆ మేకులకే తగిలించేవారు, కింద ఊడవడానికి అడ్డం లేకుండా. స్త్రీ పురుషులు పూర్తిగా ముఖాలు చూసుకోకుండా ఉండేవారనుకోవద్దు. 1790లలో ‘యూనియన్ మీటింగ్’ అని ఒకటి మొదలైంది. వారంలో కొన్ని సాయంత్రాలు ఒక గదిలో నలుగురైదుగురు బ్రదర్లు (సంఘంలోని మగవాళ్ళు) ఒక వరస, ఎదురుగా అంతే మంది సిస్టర్లు (ఆడవాళ్ళు) ఇంకో వరస, మధ్యలో కొన్ని అడుగుల ఎడం. కబుర్లు చెప్పుకుంటారు, పాటలు పాడుకుంటారు. కోరిక అణచాలని నియమం పెట్టినవాళ్ళే మనిషికి మాట తోడు కావాలని గుర్తించడం వాళ్ళ తెలివికి గుర్తు.

ఆరాధనలో మొదటి రోజుల విచ్చలవిడి ఊగుడును మీచమ్ 1780ల చివర్లో అడుగులు లెక్కపెట్టి వేసే నాట్యంగా మార్చాడు. మీటింగ్‌హౌస్, అంటే ఆరాధన మందిరం, నేల మీద స్తంభాలు లేకుండా ఖాళీగా ఉండేది ఇందుకే. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క వరసలు కట్టి, ముందుకూ వెనక్కూ కదులుతూ, చేతులు ఊపుతూ పాడేవారు. పాటలు పది వేలకు పైగా వాళ్ళ రాతపుస్తకాల్లో మిగిలాయి. 1848లో మెయిన్ రాష్ట్రంలోని ఆల్ఫ్రెడ్ ఊళ్ళో ఎల్డర్ జోసెఫ్ బ్రాకెట్ కట్టిన ‘సింపుల్ గిఫ్ట్స్’ వాటిలో ఒకటి. ఆ పాట వరసను అమెరికా స్వరకర్త ఆరన్ కోప్లాండ్ 1944లో తన సంగీతంలో వాడుకున్నాకే లోకానికి తెలిసింది.

మనుషుల్ని తెచ్చిన రెండో దారి పిల్లలు. దీన్ని తక్కువ అంచనా వేస్తే షేకర్లు అర్థం కారు. దంపతులు చేరితే వాళ్ళ పిల్లలూ వస్తారు. తండ్రి పోయిన ఇంటివాళ్ళు, పోషించలేని తల్లులు, అనాథలను చేరదీసిన బంధువులు పిల్లల్ని ఒప్పందం రాసి షేకర్లకు అప్పగించేవారు. తిండి, బట్ట, బడి, చేతికో పని షేకర్ల పూచీ. ఇరవై ఒక్క ఏడు నిండాక ఉండాలా వెళ్ళాలా అన్నది ఆ పిల్లల ఇష్టం. ఎక్కువమంది వెళ్ళిపోయేవారు. అయినా మిగిలిన కొద్దిమందే సంఘానికి తర్వాతి తరం ఎల్డర్లు, ఎల్డ్రెస్‌లు అయ్యారు.

ఇందులో చేదు కూడా ఉంది, దాన్ని దాటేసి షేకర్లను పొగడడం నాకు ఇష్టం లేదు. యూనిస్ చాప్‌మన్ అనే ఆవిడ కథ చూడండి. భర్త జేమ్స్ షేకర్లలో చేరి, 1814లో ముగ్గురు పిల్లల్నీ ఆమె ఇంట్లో లేనప్పుడు తీసుకుపోయాడు. అప్పటి చట్టం ప్రకారం పిల్లలు తండ్రి సొత్తు. ఆమె కరపత్రాలు అచ్చువేసింది, న్యూయార్క్ శాసనసభ చుట్టూ తిరిగింది. 1818లో శాసనసభ ఆమె ఒక్కదాని కోసం ప్రత్యేక చట్టం చేసి విడాకులు ఇచ్చింది. న్యూ హాంప్‌షైర్‌లోని ఎన్‌ఫీల్డ్ షేకర్ల ఊరికి వెళ్ళి, జనాన్ని వెంటేసుకుని, పిల్లల్ని తెచ్చుకుంది. భార్యకు ఆశ్రయం ఇచ్చిన సంఘమే ఇంకో భార్య కడుపుకోతకు కారణమైంది. రెండూ నిజమే.

ఇక మూడో దారి భద్రత. పంటలు పోయినా, బ్యాంకులు మునిగినా షేకర్ల ఇంట్లో మూడు పూటలా తిండి, వెచ్చని గది, ముసలితనంలో చూసే మనుషులు ఉంటారు. శీతాకాలం ముంచుకొస్తుంటే చేరి, వసంతం రాగానే జారుకునే వాళ్ళకు వాళ్ళే ‘వింటర్ షేకర్లు’ అని పేరు పెట్టారు. ఈ భద్రత ఊరికే రాలేదు. కూరగాయల విత్తనాలను చిన్న కాగితపు పొట్లాల్లో పెట్టి అమ్మడాన్ని పెద్ద వ్యాపారం చేసింది షేకర్లే. వసంతానికి ముందు బండి మీద విత్తనాల పెట్టెలు తీసుకెళ్ళి దుకాణాల్లో పెట్టేవారు, సీజన్ అయ్యాక అమ్ముడైనవాటికి డబ్బు, మిగిలినవి వెనక్కి. 1819లో వాటర్‌వ్లీట్, న్యూ లెబనాన్, హాంకాక్ ఊళ్ళవాళ్ళు బయట కొన్న విత్తనాలు తమవాటిలో కలిపి అమ్మకూడదని రాసుకున్నారు. కల్తీ విత్తనాలతో రైతు నష్టపోవడం తెలిసిన మనకు ఆ రాత విలువ చెప్పక్కర్లేదు. మందు మొక్కలు, చీపుళ్ళు, కోలగా ఉండే చెక్క డబ్బాలు, కుర్చీలు కూడా అమ్మేవారు. ఇవాళ అమెరికా ఇళ్ళలో కనిపించే బల్లపరుపు చీపురు 1798లో వాటర్‌వ్లీట్ షేకరు థియోడర్ బేట్స్ చేతిలో రూపు దిద్దుకుందని చెబుతారు.

షేకరు పని ఎలాంటిదో తెలియాలంటే వాళ్ళ కుర్చీ వెనక కాళ్ళు చూడాలి. మనిషి అన్నాక కుర్చీలో వెనక్కి వాలతాడు, వాలితే కాళ్ళ అంచులు నేల చెక్కను గీరేస్తాయి. వాలకండి అని నియమం పెట్టి ఊరుకోలేదు. వెనక కాలి అడుగున గుంట తొలిచి, అందులో అడుగు చదునుగా చేసిన చెక్క గుండు కూర్చి, తోలు పట్టీతో లోపలికి బిగించారు. కుర్చీ వంగినా గుండు తిరుగుతుంది, దాని అడుగు నేలకు ఆనే ఉంటుంది. 1852లో జార్జ్ ఓడానెల్ అనే షేకరు దీన్నే లోహంతో చేసి పేటెంట్ తీసుకున్నాడు. హాంకాక్‌లో 1826లో కట్టిన గుండ్రటి రాతి పశువుల కొట్టం కూడా ఈ కోవలోదే. పై అంతస్తులోకి బండితో సహా వచ్చి గడ్డిని నడి మధ్యకు దింపేస్తారు, కింద చుట్టూ కట్టిన ఆవులు లోపలికి తలపెట్టి మేస్తాయి. నడిమధ్యన నిలబడితే ఒక్క మనిషి మొత్తం మందను మేపొచ్చు.

మ్యూజియంలు చూసి వచ్చినవాళ్ళకు రెండు పొరపాటు అభిప్రాయాలు పడుతుంటాయి. షేకర్లు రంగులు వాడరు, అంతా ఉత్త చెక్కే అనుకుంటారు. వాళ్ళు పసుపు, ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగులు దండిగా వేసుకున్నారు. ఆ రంగులు గీకేసి చెక్క బయటపెట్టింది చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో కొనుక్కున్నవాళ్ళు. రెండోది, అమిష్‌లు అనే మరో క్రైస్తవ శాఖలా యంత్రాలకు దూరంగా ఉన్నారనుకోవడం. కాంటర్‌బరీ షేకర్లు 1858లో వాషింగ్ మెషీన్‌కు పేటెంట్ తీసుకున్నారు, 1910 నాటికి సొంత విద్యుత్ కేంద్రం పెట్టుకున్నారు. ఇక గుండ్రటి రంపాన్ని తబితా బాబిట్ అనే సిస్టర్ 1813లో కనిపెట్టిందని అందరూ రాస్తారు. అలాంటి రంపానికి ఇంగ్లాండులో 1777లోనే పేటెంట్ ఉంది. దాన్ని షేకర్ల ఇంటి కథగా చెప్పుకోవచ్చు గానీ రుజువైన చరిత్రగా కాదు.

1837లో మొదలై పది పన్నెండేళ్ళు సాగిన ఒక వింత ఘట్టం ఉంది. వాటర్‌వ్లీట్‌లో కొందరు ఆడపిల్లలు ప్రార్థనలో స్పృహ తప్పి, స్వర్గంలో మదర్ ఆన్‌ను చూశామని చెప్పారు. అది ఊరూరా పాకింది. ఆత్మల నుంచి సందేశాలు, పాటలు, బొమ్మలు వచ్చాయి. హాంకాక్‌లో హన్నా కోహూన్ 1854లో వేసిన జీవ వృక్షం ఆ ధోరణిలోనే పుట్టింది, ఇవాళ అమెరికా జానపద చిత్రకళలో దానికి పెద్ద స్థానం. తాము చూడని ఆన్ లీని తమ కళ్ళతో చూడాలన్న కొత్త తరం ఆరాటం ఇందులో నాకు కనిపిస్తుంది. కొన్నేళ్ళు ఆరాధనకు బయటివాళ్ళను రానివ్వడం కూడా మానేశారు. ఆ మూసిన తలుపు వాళ్ళకు మేలు చేయలేదు.

నల్లజాతివాళ్ళూ షేకర్లలో ఉన్నారు. రెబెకా కాక్స్ జాక్సన్ ఫిలడెల్ఫియా బోధకురాలు, 1847లో వాటర్‌వ్లీట్‌లో చేరింది, తర్వాత ఫిలడెల్ఫియాలో నల్లజాతి స్త్రీలతో ఒక షేకర్ ఫ్యామిలీని నడిపింది. ఆమె గురించే వేరే సమాధానం రాయాలి.

బయటి ఆలోచనాపరులు వీళ్ళను ఎలా చూశారో తెలుసుకోవడం మన పాఠకులకు ఆసక్తిగా ఉంటుంది. 1845లో ఎంగెల్స్ ఉమ్మడి ఆస్తి ఆచరణలో సాధ్యమేనని వాదిస్తూ ఒక వ్యాసం రాశాడు, అందులో మొదటి సాక్ష్యం షేకర్లే. వాళ్ళ మతాన్ని పక్కన పెట్టి పొలాలు, గిడ్డంగులు చూడండి అన్నాడు. నా దృష్టిలో అక్కడే పొరబడ్డాడు, ఆ మతం లేకపోతే ఆ గిడ్డంగి నిండేది కాదు. టాల్‌స్టాయ్ షేకర్ల పుస్తకాలు తెప్పించుకుని చదివాడు, ఎల్డర్ ఫ్రెడరిక్ ఎవాన్స్‌తో ఉత్తరాలు నడిపాడు. ఆ ఎవాన్సే అంతర్యుద్ధ కాలంలో, 1863లో, లింకన్‌ను కలిసి తమ యువకులను సైన్యంలోకి లాగవద్దని విన్నవించుకున్నాడు. సైనికులుగా పనిచేసి తర్వాత షేకర్లయినవాళ్ళు తీసుకోకుండా వదిలేసిన పెన్షన్ల లెక్క కూడా చూపించారు.

అత్యధిక దశలో, అంటే పద్దెనిమిది పెద్ద ఊళ్ళు ఉన్నప్పుడు, మొత్తం దాదాపు 4000 మంది. ఆరు వేలన్న మాట కూడా వింటుంటాం, కానీ జనగణన లెక్కలు అంత చూపించవు.

తర్వాత దారులు ఒక్కొక్కటే మూసుకుపోయాయి. పూనకాల మహాసభల నుంచి ఊళ్ళకు ఊళ్ళు కదిలొచ్చే కాలం పోయింది. మగపిల్లలకు పడమట భూమి, పట్నంలో ఫ్యాక్టరీ జీతం దొరుకుతుంటే, ఇరవై ఒక్క ఏడు నిండగానే మూటాముల్లె సర్దుకున్నారు. పెళ్ళయిన స్త్రీకి సొంత ఆస్తి హక్కు న్యూయార్క్‌లో 1848లో మొదలైంది, మిల్లుల్లో, బడుల్లో ఉద్యోగాలు వచ్చాయి. భర్తను తప్పించుకోవడానికి షేకర్ల ఇల్లొక్కటే దిక్కన్న స్థితి మెల్లగా పోయింది. ప్రభుత్వాలు, చర్చిలు అనాథాశ్రమాలు పెట్టాయి, పిల్లల రాక తగ్గింది. ఫ్యాక్టరీ సరుకు ముందు చేతి చీపురు, చేతి బకెట్టు నిలవలేదు, విత్తనాల్లో పెద్ద కంపెనీలు దిగాయి. కుర్చీలు మాత్రం కొంతకాలం ఆదుకున్నాయి: మౌంట్ లెబనాన్‌లో (న్యూ లెబనాన్ షేకర్ల ఊరికే తర్వాత వచ్చిన పేరు) రాబర్ట్ వాగన్ వాటిని నంబర్ల వారీ సైజుల్లో, క్యాటలాగ్ వేసి అమ్మాడు, 1876 ఫిలడెల్ఫియా ప్రదర్శనలో కూడా పెట్టాడు. కొన్ని ఊళ్ళలో ట్రస్టీల చేతిలో అప్పులు పేరుకుపోయాయి. మగవాళ్ళు తగ్గేసరికి పొలం పనికి కూలీలను పెట్టుకోవాల్సి వచ్చింది. 1900 నాటికి మిగిలిన షేకర్లలో అత్యధికులు స్త్రీలే, అందులోనూ వయసు మళ్ళినవాళ్ళు ఎక్కువ.

ఈ వరసలో బ్రహ్మచర్యం ఎక్కడుందో మీరే చూడండి. అది మొదటి రోజు నుంచీ ఉంది, పెరిగినప్పుడూ ఉంది. రాక ఆగిపోయాక కుదేలవకుండా పట్టుకునేందుకు సొంత పిల్లలు లేకపోవడమే దాని వల్ల జరిగిన నష్టం.

ఊళ్ళు మూతబడిన క్రమం చకచకా చెబుతాను. టైరింగమ్ 1875, ప్లెజెంట్ హిల్ 1910, సౌత్ యూనియన్ 1922, వాటర్‌వ్లీట్ 1938, మౌంట్ లెబనాన్ 1947, హాంకాక్ 1960. న్యూ హాంప్‌షైర్‌లోని కాంటర్‌బరీలో చివరి సిస్టర్ 1992లో చనిపోయింది. కొన్ని ఊళ్ళు బడులయ్యాయి, కొన్ని జైళ్ళయ్యాయి. ఆన్ లీ సమాధి ఇవాళ ఆల్బనీ విమానాశ్రయం పక్కనే ఉంది.

మిగిలింది మెయిన్ రాష్ట్రంలోని సబ్బత్‌డే లేక్. 1783లో షేకర్ల బోధ అక్కడికి చేరింది. 1794లో కట్టిన మీటింగ్‌హౌస్ లోపల నీలం రంగు ఇంకా పాతదే. 1950ల చివర్లో, 60లలో కాంటర్‌బరీ నాయకత్వం ఇక కొత్తవాళ్ళను చేర్చుకోకూడదని నిర్ణయిస్తే, సబ్బత్‌డే లేక్ వాళ్ళు ఒప్పుకోలేదు. దేవుడు పిలిచిన మనిషిని కాదనడానికి మనమెవరం అన్నది వాళ్ళ వాదన. ఆ తలుపు తెరిచి ఉంచినవాళ్ళలో సిస్టర్ మిల్డ్రెడ్ బార్కర్ ముఖ్యురాలు. 1903లో చిన్నపిల్లగా ఆల్ఫ్రెడ్ ఊరికి వచ్చింది. ముసలి సిస్టర్ల నోట విన్న పాటలు వందల సంఖ్యలో గుర్తుపెట్టుకుని రికార్డు చేయించింది, అందుకు 1983లో అమెరికా ప్రభుత్వ జాతీయ పురస్కారం వచ్చింది. పిల్లగా 1937లో సబ్బత్‌డే లేక్ చేరిన సిస్టర్ ఫ్రాన్సెస్ కార్ 2017 జనవరిలో చనిపోయాక ఒక బ్రదర్, ఒక సిస్టర్ మిగిలారు. ఈ మధ్య ఇంకో సిస్టర్ వచ్చి చేరారు. గొర్రెలు పెంచుతారు, మూలికల టీ అమ్ముతారు, ప్రార్థన ఆపలేదు. కాబట్టి ‘అంతరించిన మతం’ అని రాయకండి.

వెతికేటప్పుడు ఒక జాగ్రత్త. ‘ఇండియన్ షేకర్ చర్చ్’ అని ఇంకొకటి కనిపిస్తుంది. దానికి మన ఇండియాతోనూ సంబంధం లేదు, ఈ షేకర్లతోనూ లేదు. వాషింగ్టన్ రాష్ట్రంలో ఆదివాసి జాన్ స్లోకమ్ 1880లలో మొదలుపెట్టిన వేరే సంఘం అది.

అమెరికాలో ఉన్నవాళ్ళయితే చూడడానికి మసాచుసెట్స్‌లో హాంకాక్, కెంటకీలో ప్లెజెంట్ హిల్, న్యూ హాంప్‌షైర్‌లో కాంటర్‌బరీ మ్యూజియంలుగా బాగా నిలబెట్టారు. ఒక్కటే చూడగలిగితే హాంకాక్ వెళ్ళండి, రాతి కొట్టం కోసం. సబ్బత్‌డే లేక్ వెళితే అది మనుషులు బతుకుతున్న ఇల్లు అని గుర్తుపెట్టుకుని, టూర్లు, ఆదివారం ఆరాధన సమయాలు ముందుగా ఫోన్ చేసి కనుక్కుని వెళ్ళండి.